జపాన్ మళ్ళలో మేం పూడ్చిన ఖాళీలు

"రేపటి నుంచి మీ ముఠా ఈ గట్టు ఎక్కకూడదు, పెంచలమ్మా. ఇంక మాటల్లేవు."

"ఎందుకెక్కకూడదు సార్? మడిలో ఒక్క ఖాళీ లేకుండా నాటి ఇచ్చినందుకా?"

"అవును, అందుకే! ఖాళీలు పూడ్చమని మీకు ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాల? నాటినోళ్ళే వారం తిరిగినాక వచ్చి, చచ్చిన కుదుళ్ళు చూసి పూడ్చిపోతారు. మా అమ్మ నాటినా అంతే, మా అత్త నాటినా అంతే. దానికి మిమ్మల్ని కూలి గూడా అడగలేదే!"

"అడిగి ఉంటే ఎంత బాగుండేది! కూలి కోసం వచ్చి ఉంటే వద్దని చెప్పి పంపేవాణ్ణి!"

"పచ్చగా ఉండే మడిని చూసి నెత్తి కొట్టుకునే మనిషిని ఇప్పుడే చూస్తుండాను సామీ."

పంతొమ్మిది వందల అరవై మూడు, కార్తీకం వెళ్ళిపోతున్న రోజులు. నెల్లూరికి తూర్పున, సముద్రానికి దగ్గరగా, కోటారెడ్డి పొలం గట్టు మీద ఈ మాటలు జరిగాయి. నన్ను గట్టు ఎక్కవద్దన్నాయన భాస్కరరావు గారు. విశ్వవిద్యాలయంలో చెట్టూ చేమల చదువు చెప్పే లెక్చరరు, కృష్ణా జిల్లా మనిషి. కోటారెడ్డి తన పొలంలో కొంత చెక్కను విశ్వవిద్యాలయానికి ఇచ్చిన రైతు. వరసకు నాకు అన్న అవుతాడు. నాలుగో మనిషి ఇషిదా గారు. జపాన్ దేశంలో ఒక విశ్వవిద్యాలయంలో పెద్ద పంతులు. టోపీ చేత్తో పట్టుకొని, ఎవరు మాట్లాడితే వాళ్ళ మొహం చూస్తూ నిలబడి ఉన్నాడు. మా తగాదా అంతా ఆయన గురించే. అందులో ఒక్క ముక్క ఆయనకు తెలియదు.

నేను ముప్పై ఏళ్ళకు పైగా నాట్ల ముఠా నడిపాను. నాట్ల ముఠా అంటే కలిసి నాటే ఆడవాళ్ళ జట్టు. రైతుతో మాట్లాడి పని ఒప్పుకునేది మేస్త్రమ్మ. ఎవరు ఏ వరసలో దిగాలో చెప్పేది, నారు వృథా కాకుండా చూసేది, సాయంత్రం రైతు మొహం చూసి కూలి తెచ్చి పంచేది కూడా ఆమే. మడిలోకి దిగినప్పుడు ఒక్కొక్క మనిషికి ఒక పట్టి ఉంటుంది. దాన్ని మునుము అంటాం. ఎవరి మునుము వాళ్ళది. నాటుతూ వెనక్కి నడుస్తాం గనుక నాటిందంతా కళ్ళ ముందే ఉంటుంది. వంకర పోతే తెలిసిపోతుంది. నాటిన తర్వాత వారానికో పది రోజులకో మళ్ళీ వెళ్ళి, చచ్చినచోట మిగులు నారు తెచ్చి పూడుస్తాం. దానికి కూలి లేదు, ఎవరూ పిలవరు. కానీ పూడ్చని ముఠాను మరుసటి ఏడు కూడా ఎవరూ పిలవరు. పెంచలమ్మ ముఠా నాటిన మడిలో వేలు పెట్టేంత సందు ఉండదని మా చుట్టుపక్కల చెప్పుకొనేవారు. నేను మిషన్ బడిలో రెండో తరగతితో ఆపేసినదాన్ని. నాకున్న సర్టిఫికెట్టు ఆ మాటే.

మాది కాలువ కొస. సంగం ఆనకట్ట దగ్గర బయల్దేరిన నీళ్ళు బుచ్చిరెడ్డిపాలెం వైపు పొలాలన్నీ తడిపి, అలిసిపోయి మా దగ్గరికి వస్తాయి. తూర్పున పడవల కాలువ. సముద్రం పోటెత్తితే అందులోంచి ఉప్పునీళ్ళు మా మురుగుకాలువల్లోకి ఎగదన్నుతాయి. నాటిన నారులో కొంత చావడం మాకు ఏటా ఉన్నదే. ఒక పంట ఇంటికి వస్తే చాలనుకొనేవాళ్ళం. మిగతా నెలల్లో ముఠా మొత్తం సద్దిమూట కట్టుకొని ఎగువ పొలాలకు నడిచేది.

అట్లాంటి చోటికి విశ్వవిద్యాలయం వాళ్ళు జీపులో వచ్చారు. భాస్కరరావు గారు మమ్మల్ని గట్టు మీద కూర్చోబెట్టి చెప్పారు: "మన యూనివర్సిటీ, జపాన్‌లో ఒక యూనివర్సిటీ ఒప్పందం చేసుకున్నాయి. వాళ్ళ మనిషి ఇక్కడికి వస్తాడు, మన పిల్లలు అక్కడికి వెళ్ళి చదువుకుంటారు. వాళ్ళ విత్తనం, మన విత్తనం పక్కపక్కన వేసి ఉప్పు నేలలో ఏది నిలుస్తుందో చూస్తాం. దీన్ని ట్రయల్ అంటారు. అంటే పరీక్ష పంట. ఈ ట్రయల్ చక్కగా జరిగితే ఇక్కడే పక్కా స్టేషన్ పెడతారు. ఏడాది పొడుగునా పని ఉంటుంది. కుదరకపోతే మనుబోలు వైపు రోడ్డు పక్కన ఇంకో చోటు చూసి ఉంచారు."

ఏడాది పొడుగునా పని అన్న మాట దగ్గరే మా వాళ్ళందరి చెవులూ నిలబడిపోయాయి. నేను మాత్రం ఏం అడగాలో అది అడిగాను.

"నారు ఎవరు పోస్తారు, నీళ్ళు ఎవరు పెడతారు, నాటేది మేమేనా?"

"మీరే. కానీ ఆయన చెప్పినట్టు నాటాలి."

ఆయన చెప్పినట్టు అంటే తాడు పట్టి. తాడుకు జానెడు జానెడు దూరంలో ఎర్ర గుడ్డ పీలికలు కట్టి ఉన్నాయి. పీలిక ఉన్నచోటే కుదురు పెట్టాలి. అందరూ పెట్టేదాకా ఆగాలి, అప్పుడు తాడు జరపాలి. మా ముఠాలో దొరసానమ్మ అని ఒకామె ఉండేది. చెయ్యి ఆడితే చూపు అందదు, అంత వేగం. తాడు చూసి ఆమె నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏందక్కా ఇది, నాటేదానికి వచ్చినామా, రవికలు కొలిచేదానికి వచ్చినామా?"

పక్కనే ఉన్న ఎస్తేరమ్మ నవ్వింది. "కొలవనీలే మే. నీకెట్లాగూ రవిక సరిగ్గా కుట్టినోడు లేడు."

ఇషిదా గారు ఏం అర్థం చేసుకున్నారో గాని, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, దొరసానమ్మ పక్కన మునుములోకి దిగి వంగారు. ఎడమ చేతిలో నారు కట్ట, కుడి చేతి మూడు వేళ్ళతో కుదురు తీసి పెడుతున్నారు. మా పద్ధతే. నేర్చుకొని వచ్చిన చెయ్యి కాదది, పుట్టి పెరిగిన చెయ్యి. వరస అయిపోయేదాకా మా వాళ్ళు ఆ చేతినే చూశారు.

"వాళ్ళమ్మ ఎవరో గాని బాగా నేర్పించింది," అంది ఎస్తేరమ్మ చివరికి.

ఆ రోజు నుంచి ఆయనంటే మా వాళ్ళకు గురి కుదిరింది. మళ్ళు చిన్నచిన్నవి. ఒక్కో మడిని ప్లాట్ అనేవారు. ఒకే విత్తనాన్ని నాలుగు మూలల్లో నాలుగు ప్లాట్లలో వేయించారు. ఒక మూల నేల మంచిదై ఆ విత్తనం నెగ్గిందన్న మాట రాకూడదట. దాన్ని రెప్లికేషన్ అంటారని భాస్కరరావు గారు చెబితే, ఆ మాట పలకలేక మా వాళ్ళు పక్కటెముకలు పట్టుకొని నవ్వారు. మడి మడికీ ఒక రంగు గుడ్డ కట్టిన పుల్ల. మా నెల్లూరు వడ్లు మొలగొలుకులకు తెల్ల గుడ్డ. మిగులు నారు కట్టలకు కూడా అదే రంగు దారాలు కట్టి నారుమడి మూల ఉంచారు.

నాట్లు అయ్యాక వాళ్ళిద్దరూ జీపెక్కి విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. ఆ ఏడు వానలు ముందే మొహం చాటేశాయి. వాళ్ళు అటు వెళ్ళగానే ఇటు పోటు ఎక్కువై మురుగుకాలువ ఉప్పుగా తిరిగింది. మళ్ళలో కుదుళ్ళు ఎర్రబారి పడిపోవడం మొదలైంది. కొన్ని మళ్ళలో తక్కువ, కొన్నింటిలో ఎక్కువ. వారం తిరిగాక, పోటు తగ్గి కాలువలో కాస్త మంచినీళ్ళు దిగిన రోజు చూసుకొని మా వాళ్ళు పూడ్పులకు వెళ్ళారు. నేను ఆ వేళ ఎగువన పని ఒప్పుకోవడానికి వెళ్ళాను. ఉన్నా ఆపేదాన్ని కాదు. దొరసానమ్మే ముందుండి చేయించింది. దారం రంగు చూసి, గుడ్డ రంగు చూసి, ఏ మడి నారు ఆ మడిలోనే పెట్టించింది. ఒక్క రంగు తప్పలేదు. ఇతర దేశం మనిషి మనల్ని నమ్మి వదిలి వెళ్ళాడు, ఆయన వచ్చేసరికి మడి నిండుగా కనపడాలని ఆమె తాపత్రయం.

ఆయన వచ్చారు. మడి నిండుగానే కనపడింది.

ఇషిదా గారు గట్టు మీదే ఆగిపోయారు. టోపీ తీశారు. ఆ మొహంలో వెలుగు నేను మర్చిపోలేను. గబగబా ఒక మడి నుంచి ఇంకో మడికి నడిచారు. కోటారెడ్డి చెయ్యి పట్టుకొని ఊపారు. భాస్కరరావు గారితో ఏదో గడగడా చెప్పారు. ఉప్పుకు ఒక్క మొక్క కూడా చావలేదని. ఇట్లాంటిది ఎక్కడా చూడలేదని. రేపు పొద్దున వాళ్ళ దేశం పెద్దాయన, మన విశ్వవిద్యాలయం పెద్దలు చూడటానికి వస్తున్నారని. వాళ్ళు వచ్చినప్పుడు ఇదే చూపిస్తానని.

భాస్కరరావు గారు ఈ మాటలు తెలుగులో చెప్పగానే దొరసానమ్మ ముందుకు వచ్చింది. కొంగు నడుముకు దోపుకుంది.

"చావకేం సార్, బాగానే చచ్చినాయి! మేమే పూడ్చినాం. ఏ రంగుకు ఆ రంగు. కావాలంటే చూసుకోండి."

భాస్కరరావు గారు ఆ మాటను ఇంగ్లీషులోకి మార్చడానికి చాలాసేపు పట్టింది. మార్చాక ఇషిదా గారి మొహంలో వెలుగు మెల్లగా దిగిపోయింది. ఆయన కోప్పడలేదు. మడి దగ్గర గొంతుక్కూర్చొని కుదుళ్ళ మొదళ్ళు చూశారు.

మొదట చెప్పిన తగాదా పడింది అప్పుడే.

భాస్కరరావు గారి గొంతు బొంగురుపోయింది. "ఆయన సముద్రాలు దాటి వచ్చింది పచ్చటి మడి చూడటానికి కాదు పెంచలమ్మా! ఏ విత్తనం ఎంత చస్తుందో చూడటానికి. ఆ ఖాళీలే ఆయనకు పంట! వాటిని మీరు పూడ్చేశారు!"

చచ్చిన నారు చూడటానికి మనిషి వస్తాడని నేనెన్నడూ వినలేదు. కూలి లేకుండా కూలివాళ్ళు వచ్చి మడి పూడుస్తారని ఆయన కూడా ఎన్నడూ వినలేదు. ఆయన చెప్పలేదు, మేం అడగలేదు. ఎవరి పనిని వాళ్ళు చక్కగా చేసి, ఇద్దరం కలిసి పని చెడగొట్టాం.

కోటారెడ్డి గొంతు సవరించుకున్నాడు. తన పొలం పేరు పెద్దల ముందు నిలబడాలని ఆయన ఆశ.

"సార్, నా మాట వినండి. అయిందేదో అయింది. మడి పచ్చగా ఉండాది. రేపు వచ్చే పెద్దలు చూస్తారు, సంతోషపడతారు, పోతారు. ఎవరూ అబద్ధం చెప్పబళ్ళేదు. దొరసానీ, నువ్వు నోరు మూసుకోనుంటే చాలు."

దొరసానమ్మ అప్పటికే నోరు మూసుకుంది. కళ్ళు నేలకేసి ఉన్నాయి.

భాస్కరరావు గారు ఇషిదా గారి వైపు చూశారు. ఆ చూపులో కోటారెడ్డి మాట మీద కాస్త ఆశ ఉందని నాకు అనిపించింది. నాకు మాత్రం భయం వేసింది. ఎందుకో చెబుతాను. ఈ మడి చూసి జపాన్ విత్తనానికి ఉప్పు తగలదని పెద్దలు రాసుకొని వెళితే, వచ్చే ఏడు ఆ విత్తనాన్ని తెచ్చి పోసేది ఎక్కడ? మా కొసపొలాల్లోనే. మా దొరసానమ్మ అన్న చేలో, మా ఎస్తేరమ్మ పెనిమిటి కౌలుకు తీసుకున్న చెక్కలో. అక్కడ పూడ్చడానికి మిగులు నారు ఉండదు. నేను నూకలు కూడా చేటలోంచి జారనివ్వని మనిషిని. ఒక ఊరి పంట జారిపోతుంటే ఊరుకుంటానా?

"కోటన్నా, నువ్వు కాసేపు ఊరకుండు," అన్నాను. "సార్, ఆయన్ను ఒక మాట అడగండి. మేం పూడ్చిన కుదుళ్ళన్నీ పీకేసి, ఖాళీలు ఎట్లా ఉండేవో అట్లాగే చేసిస్తే ఆయన పని జరుగుతాదా?"

"ఏది పూడ్చిందో ఏది పాతదో మీకెట్లా తెలుస్తుంది?"

"ఎవరి మునుము వాళ్ళకు తెలుసు. మొన్ననే గదా పెట్టింది."

"జ్ఞాపకం మీద సైన్సు నడవదమ్మా."

అయినా అడిగారు. ఇషిదా గారు విని, మడిలోకి చెయ్యి పెట్టి ఒక కుదురును మెల్లగా లాగారు. అది కదల్లేదు. పక్కదాన్ని లాగారు. ఊడి వచ్చింది. వేరు కడిగి మాకు చూపించారు. మొన్న పెట్టినదానికి పాత వేరు తెగి నల్లబడి ఉంది, కొత్త తెల్ల వేరు ఇంకా సరిగ్గా రాలేదు. మొదట నాటింది మాత్రం నేలను పట్టేసుకుంది. ఆయన వేలు ఎత్తి ఏదో చెప్పారు. భాస్కరరావు గారు అదే మాకు చెప్పారు.

"రేపు తెల్లారగానే ఒక్క ప్లాట్‌లో చూద్దాం అంటున్నారు. మీరు చూపించే కుదురు, వేరు చెప్పే మాట ఒకటి కావాలి. ఒకటైతే అన్ని ప్లాట్లూ అట్లాగే చేద్దాం. కాకపోతే ట్రయల్ ఇక్కడ ఆపేసి, మనుబోలు వైపు మళ్ళీ మొదలుపెడతారు. వచ్చే పెద్దలకు ఆ మాటే చెబుతారు."

"ఒకటవుతాది," అన్నాను.

అవుతుందో లేదో అప్పటికి నాకూ తెలియదు. కానీ ఆ మాట గట్టిగా అనకపోతే నా ముఠా దిగదని తెలుసు.

దీపాలు పెట్టే వేళకు అందరినీ మా వాకిట్లోకి పిలిచాను. జరిగింది చెప్పాను. దొరసానమ్మ గోడకు ఆనుకొని, కాళ్ళకున్న బురద గోటితో గీకుతూ కూర్చుంది.

"ఏం మే, వింటుండావా?"

"వింటుండాను. నా వల్ల కాదక్కా."

"ఏది కాదు?"

"బతికిన నారును పీకేది. గడ్డి పీకమను, చచ్చినదాన్ని పీకమను. పచ్చంగా నిలబడి ఉంటే, నాటిన చేత్తోనే దాన్ని పీకమంటావే. చెయ్యి ఎట్లా ఆడతాది?"

ఎస్తేరమ్మ సర్దబోయింది. "పండించి తినేదానికి పెట్టింది కాదు గదే అది. పరీక్షకు పెట్టింది."

"నీకు చెప్పేది సులువు. రేపు ఆ దారిన వెంగమ్మ ముఠా పోతాది. పెంచలమ్మ ముఠా నాటిన మడి చూడండే, పళ్ళు రాలిన నోరు మాదిరి ఉండాది అంటారు. ఊరూరా చెప్తారు. ఎవరు పిలుస్తారు మనల్ని?"

అది నిజం. నాకూ గుండెలో గుచ్చుకున్నది అదే. కానీ గుచ్చుకున్నదని చెబితే ముఠా అక్కడే కూలబడుతుంది.

"పేరు నాది మే," అన్నాను. "పెంచలమ్మ ముఠా అంటారు గాని దొరసానమ్మ ముఠా అనరు గదా. పోతే నా పేరు పోతాది. నీ చెయ్యి మాత్రం నాకియ్యి."

ఆమె తల అడ్డంగా ఊపింది.

"సరే, ఒకటి చెప్పు. నువ్వు పూడ్చినవి ఎందుకు బతికినాయి?"

"నేను బాగా పెట్టినాను గనుక."

"బాగానే పెట్టినావు. మొదట కూడా నువ్వే పెట్టినావు, మరి అవి ఎందుకు చచ్చినాయి? అప్పుడు ఉప్పు పొంగింది. మొన్న నువ్వు పెట్టేటప్పుడు మంచినీళ్ళు దిగినాయి. విత్తనం గొప్ప కాదు, నీళ్ళు మారినాయి, అంతే. మడి ఇట్లాగే ఉంటే రేపొచ్చే పెద్దలకు అది తెలీదు. కోటన్న మాట నమ్మి, ఉప్పుకు ఆగే విత్తనం దొరికిందని రాసుకొని పోతారు. వచ్చే ఏడు ఆ విత్తనాన్ని తెచ్చి మీ అన్న చేలో పోస్తారు. ఉప్పు పొంగిననాడు నువ్వు పోయి ఎన్ని పూడుస్తావు? ఏ నారు తెచ్చి పూడుస్తావు?"

దొరసానమ్మ బురద గీకడం ఆపింది. లేచి, కొంగు దులుపుకొని వెళ్ళిపోయింది. వస్తుందో రాదో తెలియలేదు. నేను దీపం వత్తి తగ్గించి, మిగతావాళ్ళను కూడా పంపించేశాను. ఊరికే కూర్చుంటే కిరసనాయిలు ఖర్చు తప్ప ఒరిగేదేమీ లేదు.

ఈ పని తర్వాత ఎవరు ఏ పనికి పిలిచినా, ఆఫీసువాళ్ళు గానీ రైతులు గానీ, నారు ఎంత, మడి ఎంత అని అడగకముందే నేను ఒక మాట అడిగేదాన్ని: "దీంట్లో మీరు చూడాలనుకునేది ఏంది?" కొందరు నవ్వేవారు. నవ్వినా చెప్పేవారు. మన పనితనం మనకు ఎంత తెలిసినా, ఆ పని ఎవరికోసమో వాళ్ళకు ఏం కావాలో అడిగి తెలుసుకోవాలి. అడగకుండా చేసిన మంచి పని కూడా ఒక్కోసారి చెరుపే చేస్తుంది. ఇంతకుమించి నేను నేర్చుకున్నది లేదు. మిగిలింది మర్నాడు పొద్దున జరిగింది చెప్పడమే.

తెలతెలవారుతుండగా మేం గట్టు దగ్గరికి వెళ్ళేసరికి పొలం పక్కన సర్విచెట్ల తోపు మీద మంచు ఇంకా విడవలేదు. మా కంటే ముందే ఒక మనిషి మడిలో దిగి ఉంది. చీర మోకాళ్ళ పైకి దోపుకొని, వంగి, తెల్ల గుడ్డ కట్టిన మడిలో తన మునుము ముందర నిలబడి ఉంది. దొరసానమ్మ. ఇంకా చెయ్యి నీళ్ళలో పెట్టలేదు. మేం వచ్చేదాకా ఆగింది.

ఇషిదా గారు, భాస్కరరావు గారు వచ్చారు. పరీక్షకు ఆ మడే చాలన్నారు. దొరసానమ్మ వేలు పెట్టి చూపించింది: ఇది, ఇది, ఇది కాదు, ఇది. ఇషిదా గారు ఒక్కొక్కదాన్నీ మెల్లగా లాగారు. చూపించినవి ఊడివచ్చాయి, వద్దన్నవి నిలబడ్డాయి. ఒకచోట మాత్రం ఆమె పాతదన్నది ఊడివచ్చింది. దొరసానమ్మ దాన్ని చేతిలోకి తీసుకొని వేరు చూసింది.

"ఇది నాది కాదు. పక్క మునుములోది. ఎస్తేరూ, నువ్వు ఇటు జరిగినావు గదా?"

"జరిగినా, జరిగినా. అక్కడ పీత ఉన్నింది."

భాస్కరరావు గారు పీతను కూడా ఇంగ్లీషులో చెప్పవలసి వచ్చింది. ఇషిదా గారు ఆ పొద్దున మొదటిసారి నవ్వారు. తల ఊపి, ప్యాంటు మడుచుకొని మడిలోకి దిగారు.

ముఠా మొత్తం దిగింది. నాటేటప్పుడు వెనక్కి నడుస్తాం. పీకేటప్పుడు ముందుకు నడవాలి. చేసిన పని కాళ్ళ వెనక పోతుంది, కనపడదు. మా వాళ్ళకు ఆ నడక చేతకాక తడబడ్డారు. ఎవరూ పాట ఎత్తలేదు. వేరు ఊడే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఖాళీ అయినచోటల్లా ఇషిదా గారు ఒక ఈనెపుల్ల గుచ్చుతూ వచ్చారు.

సూర్యుడు తోపు పైకి వచ్చేవేళకు వెంగమ్మ ముఠా గట్టు మీదుగా వచ్చింది. ఆగారు. ఆగకుండా ఎట్లా పోతారు?

"ఏం పెంచలక్కా, నాటినోళ్ళే పీకుతుండారే! మడి చూడబోతే పళ్ళు రాలిన ముసలిదాని నోరు మాదిరి ఉండాది!"

నేను నడుం ఎత్తలేదు. "నోరు మాదిరే ఉండాది వెంగమ్మా. నీ నోటి కంటే నయం. అవసరమైనప్పుడు మూసుకొని ఉంటాది."

వాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. దొరసానమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది, మళ్ళీ ఆడింది.

ఒక మూల మడిలో మాత్రం వేరుకూ మా మాటకూ పొత్తు కుదరలేదు. అక్కడ నీళ్ళు నిలవక పాతవి కూడా వదులుగానే ఉన్నాయి. ఇషిదా గారు ఆ మడి పుల్లకున్న గుడ్డ విప్పేశారు. దాన్ని లెక్కలోంచి తీసేస్తున్నారని భాస్కరరావు గారు చెప్పారు. ఒక్క మడి పోయింది. మిగతావి నిలిచాయి.

పీకిన నారును గట్టు కింద పారేయబోతే నేను పట్టుకున్నాను. మళ్ళీ నాటకూడదంటే సరే, పశువు తినకూడదని ఎవరూ అనలేదు కదా. అడిగాను. ఇషిదా గారు సరేనన్నారు. మోపు కట్టి దూడకు పక్కన పెట్టాను.

జీపు వచ్చింది. పెద్దలు దిగారు. కోటారెడ్డి వాళ్ళకు ఎదురెళ్ళి దండం పెట్టాడు గాని, మడి వైపు చూడలేక కండువాతో మొహం తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఇషిదా గారు వాళ్ళను పచ్చగా ఉన్నచోటికి తీసుకెళ్ళలేదు. తిన్నగా ఈనెపుల్లలు ఎక్కువ ఉన్న మడి దగ్గరికి తీసుకెళ్ళారు. పుల్లల వైపు చూపిస్తూ చాలాసేపు మాట్లాడారు. వాళ్ళ దేశం పెద్దాయన బూట్లు విప్పి గట్టు అంచున కూర్చొని, పుల్లలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మధ్యలో ఇషిదా గారు మా వైపు తిరిగి ఏదో అన్నారు. పెద్దలంతా మమ్మల్ని చూశారు. భాస్కరరావు గారు మాకు చెప్పింది ఒక్క ముక్కే.

"ట్రయల్ ఇక్కడే ఉంటుంది పెంచలమ్మా. మీ ముఠా గట్టు ఎక్కవచ్చు."

"ఎక్కే ఉండాం గదా సార్," అన్నాను.

మురుగుకాలువలో కాళ్ళు కడుక్కొని మోపు నెత్తిన పెట్టుకున్నాను. ఆ పూట కోటారెడ్డి ఎగువ పొలంలో కలుపు ఉంది. ట్రయల్ ఉందని కూలి పని మానేస్తే కుదరదు. వరసగా గట్టు మీద నడుస్తున్నాం. కోటారెడ్డి సొంత మడి దాటుతుంటే ముందు నడుస్తున్న దొరసానమ్మ ఆగిపోయింది. మడి అంచున రెండు కుదుళ్ళు చచ్చి ఖాళీ పడింది. పక్కనే మిగులు నారు కట్ట ఉంది. ఆమె చెయ్యి దానిమీదికి పోయింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. నా వైపు తిరిగింది.

"అక్కా, ఇది పూడ్చేదా, వదిలేసేదా?"

"నన్నెందుకు అడుగుతావు? పోయి అడిగిరా."

జీపు దగ్గర పెద్దలతో నిలబడ్డ కోటారెడ్డి దగ్గరికి ఆ బురద కాళ్ళతోనే ఆమె నడిచి వెళ్ళింది. అడిగింది. ఆయన కేక మాకు ఇంతదూరం వినపడింది.

"పూడ్చకుండా వదిలేసేది ఏందే? నీకేమన్నా పిచ్చి పట్టిందా?"

దొరసానమ్మ తిరిగి వచ్చి, వంగి, ఆ రెండు కుదుళ్ళూ పూడ్చింది.